లోహిత్ కొట్టిన జింక

ఆ ఏడాది దీపావళి పాట్‌లక్‌లో నేను నోరు మూసుకుని కూర తిని ఉంటే మా మరదలూ ఆమె మొగుడూ ఇవాళ కెనడాలో, ఈ సస్కటూన్‌లోనే ఉండేవాళ్ళు. ఈ మాట మా ఇంట్లో ఎవరూ నా మొహం మీద అనలేదు. ఎవరైనా అని ఉంటే ఎదురు తిరిగి నాలుగు మాటలు అనేవాణ్ణి, అంతటితో నాకు తీరిపోయేది. అనలేదు కాబట్టే రాయాల్సి వస్తోంది.

లోహిత్ నాకు షడ్డకుడు. మా ఆవిడ వాసంతి చెల్లెలు సాత్విక భర్త. ఇద్దరూ మా బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళు. అతను ఇక్కడ అగ్రికల్చర్ డిప్లొమా చేసి, ఆరు నెలలు ఉద్యోగం దొరక్క తిరుగుతుంటే నేనే తీసుకెళ్ళి ఒరెస్ట్ దగ్గర పెట్టించాను. ఒరెస్ట్‌ది ఊరికి గంట దూరంలో పెద్ద పొలం. కెనోలా, ఓట్స్ వేస్తాడు. డెబ్భై దాటిన మనిషి, మాట తక్కువ, ముక్కుసూటి. ఆయన పొలంలో నేను ఆరేళ్ళుగా విల్లుతో జింకల వేటకు వెళ్తున్నాను. ఆయన పెట్టిన షరతు ఒకటే, ప్రభుత్వం పెట్టిందీ అదే. ఒక మనిషికి ఒక జింక. లైసెన్సుతో పాటు ఒక ట్యాగ్ ఇస్తారు. కొట్టినవాడు తన ట్యాగ్ తనే దానికి కట్టాలి. ఒకడు కొట్టి ఇంకొకడి ట్యాగ్ కట్టడం నేరం.

లోహిత్ వర్క్ పర్మిట్ డిసెంబర్ ఆఖరుకు అయిపోతుంది. పీఆర్‌కి, అంటే ఇక్కడే స్థిరంగా ఉండే అనుమతికి, అప్లై చెయ్యాలంటే పర్మనెంట్ ఉద్యోగం ఇస్తున్నానని ఒరెస్ట్ ఒక లెటర్ మీద సంతకం పెట్టాలి. కోతలు కానివ్వండి, పెడతాను అన్నాడాయన. ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో ఆ లెటర్ మాటే. సాత్విక అప్పుడే డెంటల్ క్లినిక్‌లో చేరింది. కింది నుంచి పైకి వచ్చినప్పుడల్లా, "బావా, ఆయన మాట తప్పడు గదా?" అని అడిగేది.

"నేను పెట్టించిన ఉద్యోగం. నేనున్న గదా," అనేవాణ్ణి. అలా అనడంలో నాకొక సుఖం ఉండేది, దాచను.

విల్లు పట్టుకోవడం కూడా నేనే నేర్పాను. పెరట్లో ఫోమ్ దిమ్మ పెట్టి, ఇరవై అడుగులు వేసి నిలబెట్టి, భుజం ఎలా దింపాలో, ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో చెప్పాను. పొద్దంతా పొలంలో పని చేసి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా రోజూ ముప్పై బాణాలు వేసేవాడు. ఆగస్టు వచ్చేసరికి అతని బాణాలు మూడూ అరచేతిలో పట్టేంత దగ్గరగా దిగేవి. నావి అన్నం పళ్ళెమంత ఎడంగా దిగేవి. మా కూతురు చరిత, పదకొండేళ్ళది, మెట్ల మీద కూర్చుని లెక్కపెట్టి, "బాబాయ్ విన్స్ అగైన్," అనేది. నాకు ఒళ్ళు మండేది. పిల్ల ముందు నవ్వేవాణ్ణి.

ఆగస్టులోనే పొలంలో బ్లైండ్ వేశాం. బ్లైండ్ అంటే నేల మీద వేసే చిన్న గుడారం. లోపలంతా నలుపు, ముందు రెండు సన్నటి కిటికీలు. పోప్లార్ చెట్ల గుంపుకి ఆనించి, గడ్డీ కొమ్మలూ కప్పి నెల రోజులు వదిలేస్తే జింకలకు అదొక పొద అయిపోతుంది. తర్వాత మనం వెళ్ళి అందులో కూర్చోవాలి. కదలకూడదు, దగ్గకూడదు, వాసన రాకూడదు. అందుకే వేట బట్టలు ఇంట్లోకి రానిచ్చేవాణ్ణి కాదు, గరాజ్‌లో డబ్బాలో పెట్టేవాణ్ణి. "జింకలకు నా పోపు పడదట. నీకైతే మూడు పూటలా పడుతది," అనేది వాసంతి.

సెప్టెంబర్ రెండో వారంలో నాకు ఒక చిన్న జింక పడింది. కొమ్ములు బొటనవేలంత. నా ట్యాగ్ దానికి కట్టేశాను. ఆ ఏటికి నా పని అయిపోయింది. విల్లు తీసి గోడకు తగిలించాలి. తగిలించలేదు.

అక్టోబర్‌లో థ్యాంక్స్‌గివింగ్ శనివారం తెల్లవారకముందే ట్రక్కులో సామాను పెడుతుంటే లోహిత్ నా విల్లు చూశాడు.

"నీ ట్యాగ్ అయిపోయింది గదా అన్నా. విల్లెందుకు?"

"అలవాటు," అన్నాను. "నువ్వే కొడతవు. నేను పక్కన కూర్చుంటా, అంతే."

ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను.

బ్లైండ్‌లో ఇద్దరం మడత స్టూళ్ళ మీద మోకాళ్ళు తగిలేలా కూర్చున్నాం. బయట మంచు పట్టిన ఓట్స్ మొదళ్ళు, దూరంగా చెరువు మీద బాతుల గోల. తెల్లగా వెలుగొచ్చిన కాసేపటికి చెట్ల అంచు నుంచి అది బయటికి వచ్చింది. నా ఆరేళ్ళలో అంత మగజింకను దగ్గర నుంచి చూడలేదు. కొమ్ములు అటు ఐదు, ఇటు ఐదు. తల దించి మేస్తూ, నాలుగు అడుగులు వేస్తూ, ఆగుతూ పద్దెనిమిది మీటర్లలోకి వచ్చింది.

లోహిత్ విల్లు లాగాడు. చప్పుడు లేదు, తొందర లేదు. కానీ జింక సరిగ్గా మా వైపు మొహం పెట్టి నిలబడింది. ఎదురుగా ఉన్నప్పుడు బాణం వెయ్యకూడదు. గాయపడి పారిపోతుంది, నరకం పడి చస్తుంది. పక్కకు తిరిగేదాకా ఆగాలి. ఇది నేను నేర్పిందే. అతను ఆగాడు. నిమిషం గడిచింది. మోచెయ్యి వణకడం మొదలైంది. అప్పుడు కూడా వెయ్యలేదు. మెల్లగా నారిని సడలించి, విల్లు ఒళ్ళో దించుకుని ఊపిరి తీసుకున్నాడు. జింక చూడలేదు. మళ్ళీ లాగడానికి ఇంకో పది సెకన్లు చాలు అతనికి. అంతా సరిగ్గా చేశాడు.

నేను అతని చెవిలో, "జరుగు," అన్నాను.

నా వైపు చూశాడు. ఇంట్లో పెద్దవాడొస్తే కుర్చీలోంచి లేచినట్టు స్టూలు వెనక్కి జరుపుకున్నాడు. నేను నా విల్లు అందుకున్నాను. జింక పక్కకు తిరిగింది. వేశాను.

అరగంట ఆగి రక్తం జాడ పట్టుకుని వెళ్ళాం. ఎర్రటి బుడగల రక్తం, ఊపిరితిత్తుల్లోంచి వచ్చేది. ఎనభై అడుగుల దూరంలో పోప్లార్ల మధ్య పడి ఉంది. నేను కొమ్ములు పట్టుకుని తల ఎత్తి చూశాను.

"మస్తుగుంది అన్నా," అన్నాడు లోహిత్. తర్వాత, "ట్యాగ్ ఎట్ల?" అన్నాడు.

"నీది కట్టు."

"ఒరెస్ట్‌కు తెలిస్తే?"

"ఎవరు చెప్తరు? ఒక్క ఇంటోళ్ళం. ఎవరిదైతేంది."

ఇండియాలో ఒక రేషన్ కార్డు మీద ఇంటిల్లిపాదీ బియ్యం తెచ్చుకున్న బుద్ధి. ఇరవై ఏళ్ళు ఇక్కడ బతికినా పోలేదు. అతను ఇంకా ట్యాగ్ జేబులోంచి తియ్యకముందే ఒరెస్ట్ పొలంలో తిరిగే నాలుగు చక్రాల క్వాడ్ బండి చప్పుడు వినిపించింది. పొలం గట్టు మీదుగా మా వైపే వస్తోంది.

"నువ్వే కొట్టిన అని చెప్పు," అన్నాను. "జల్ది కట్టు."

ఒరెస్ట్ బండి దిగి వచ్చేసరికి లోహిత్ మోకాళ్ళ మీద కూర్చుని ట్యాగ్ ముడి వేస్తున్నాడు. ఆయన జింకనూ కొమ్ములనూ చూశాడు. "ఎవరు కొట్టారు?" అని అడిగాడు. లోహిత్ తల ఎత్తి, "నేనే," అన్నాడు. ఆ ముసలాయన గ్లోవ్ విప్పి, చెయ్యి చాచి, అతన్ని లేపి నిలబెట్టాడు. తను కొట్టిన మొదటి దానికి కొమ్ములే లేవని చెప్పి నవ్వాడు. ఆరేళ్ళలో ఆయన నవ్వడం నేను రెండోసారి చూశాను. జింకను బండికి కట్టేటప్పుడు అన్నాడు, "కోతలు అయిపోయాయి. నవంబర్ మొదటి వారంలో కూర్చుని నీ కాగితం పూర్తి చేద్దాం."

సాత్విక ఆ సాయంత్రం పైకి వచ్చి నాకు స్వీటు పెట్టింది. లోహిత్ కింద స్నానం చేస్తూ చాలాసేపు రాలేదు.

అక్కడితో అయిపోవాలి. లెటర్ వస్తుంది, జింక ఫ్రీజర్‌లో ఉంది, ఎవరికీ నష్టం లేదు. కానీ ఒరెస్ట్ ఊరుకోలేదు. లోహిత్ జింకతో దిగిన ఫొటో తన షెడ్డులో గోడకు అంటించాడు. పొద్దున్నే చుట్టుపక్కల రైతులందరూ ఆయన బల్ల దగ్గర కాఫీకి చేరతారు. వాళ్ళకు లోహిత్‌ని చూపించి, కథ చెప్పమనేవాడు. ఒక నిమిషం ఆగి, విల్లు దించి, మళ్ళీ ఎత్తి కొట్టాడంట ఈ కుర్రాడు అని ఆయనే మురిసిపోయేవాడంట. లోహిత్ ఇంటికొచ్చి నాతో చెప్పాడు.

"రోజూ అబద్ధం చెప్పబుద్ధి అయితలేదన్నా. ఆయన మంచోడు. చెప్పేస్తే నవ్వి ఊకుంటడు."

"లెటర్ చేతికొచ్చేదాక నోరు మూసుకో," అన్నాను.

ఇంకొకరికి అంత తేలిగ్గా చెప్పాను. నాకు మాత్రం నిద్ర పట్టేది కాదు. నా బాణం, నా గురి, నా జింక. ఫొటోలో మాత్రం వాడి మొహం.

పాట్‌లక్ ఆ నెలాఖరు శనివారం, కమ్యూనిటీ హాల్లో. తెలుగువాళ్ళం అరవై మందిమి, తలా ఒక వంటకం తెచ్చాం. లోహిత్, సాత్విక ఒరెస్ట్‌ని పిలిచారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, బెర్రీ పళ్ళు కూరి కాల్చిన ‘పై’ అనే తీపి వంటకం ఒకటి పట్టుకుని వచ్చాడు. చరిత ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ఇది పులిహోర, ఇది బొబ్బట్టు అని ఒక్కొక్కటీ చెప్తోంది. నాన్‌వెజ్ బల్ల మీద వాసంతి వండిన జింక కూర. ఆయన రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఆంజనేయులు గారు మా బల్ల దగ్గరికి వచ్చారు. యూనివర్సిటీలో రిటైరైన ప్రొఫెసర్, గుంటూరు మనిషి, ఎవర్నో ఒకర్ని ఆట పట్టించనిదే ఆయనకు అన్నం సహించదు.

"ఏమయ్యా లోహిత్, మొదటి వేటకే అంత కొమ్ములదాన్ని పడగొట్టావటగా," అని అతని వీపు తట్టి, నా వైపు తిరిగారు. "ఏం సంజయ్, ఆరేళ్ళ నుంచి గుడారంలో గొంతుక్కూర్చుంటున్నావు. నీకెప్పుడన్నా పడిందా ఇలాంటిది? ఇంక నువ్వు విల్లు అమ్మేసి పేకాటకి వచ్చెయ్యవోయ్."

అందరూ నవ్వారు. వాసంతి కూడా నవ్వింది.

తెలుగు మాట్లాడితే తలుపేసుకున్న గదిలో ఉన్నామనుకుంటాం మనం. బస్సులో పక్కవాడి టోపీ గురించీ, షాపులో అమ్మాయి జుట్టు గురించీ వాళ్ళ ముందే మాట్లాడుకుంటాం. ఒరెస్ట్ నా ఎదురుగా, బల్లకి అవతల కూర్చుని అన్నంలో కూర కలుపుకుంటున్నాడు. ఆయన ఉన్నాడన్న సంగతే నాకు పట్టలేదు.

"వీడు కొట్టిండా?" అన్నాను. "సార్, వీడు విల్లు లాగి నిమిషం పట్టుకుని చేతులు వణికి దించేసిండు. నేను జరుగురా అని పక్కకు నెట్టి కొట్టిన. నా ట్యాగ్ అయిపోయిందని వీనిది కట్టినం, అంతే. లేకుంటే వీని మొహానికి అంత జింక పడుతదా?"

చెప్తూ లేచి నిలబడ్డాను. విల్లు ఎలా లాగానో చేతులతో చూపించాను. ఆంజనేయులు గారు పడీ పడీ నవ్వారు. పక్క బల్లలవాళ్ళూ ఇటు తిరిగారు. లోహిత్ తల వంచుకుని పళ్ళెంలో మెతుకులు ఏరుకుంటున్నాడు. ఎంత హాయిగా ఉందో ఆ రెండు నిమిషాలు, చెప్పకపోతే అబద్ధమవుతుంది.

అందరూ నవ్వుతుంటే ఒరెస్ట్ కూడా మర్యాదకి నవ్వాడు. చరిత వైపు వంగి ఏదో అడిగాడు. పిల్ల ఉత్సాహంగా చెప్పడం మొదలుపెట్టింది. నాలాగే చేతులతో విల్లు లాగి చూపించింది. ఆఖరి మాటలు నాకు వినిపించాయి.

"సో డాడ్ షాట్ ఇట్. బాబాయ్ జస్ట్ పుట్ హిజ్ ట్యాగ్ ఆన్ ఇట్." నా వైపు తిరిగి, "రైట్, డాడ్?" అంది.

ఒరెస్ట్ స్పూను పళ్ళెంలో పెట్టాడు. నన్ను అడగలేదు. లోహిత్‌ని అడిగాడు, ఇది నిజమేనా అని.

లోహిత్ నా వైపు చూశాడు. నేను ఇంగ్లిష్‌లో గబగబా అందుకున్నాను. జోక్ చేశాను, మాలో మేము ఇలాగే ఏడిపించుకుంటాం, అతనే కొట్టాడు అన్నాను. నవ్వాను కూడా. ఎవరూ నవ్వలేదు. లోహిత్ ఇంకా నన్నే చూస్తున్నాడు. తర్వాత ఆయన వైపు తిరిగి, "అతనే కొట్టాడు సర్. మీతో నేను అబద్ధం చెప్పాను," అన్నాడు.

ఎవరు చెప్పమంటే చెప్పాడో మాత్రం అనలేదు.

ఒరెస్ట్ పేపర్ నాప్‌కిన్ మడిచి పళ్ళెం పక్కన పెట్టాడు. వాసంతి దగ్గరికి వెళ్ళి భోజనం బాగుందని చెప్పాడు. చరితకు గుడ్ నైట్ చెప్పాడు. కోటు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన తెచ్చిన బెర్రీ ‘పై’ని ఎవరూ ముట్టుకోలేదు.

సోమవారం లోహిత్ పనిలోంచి మధ్యాహ్నమే వచ్చేశాడు. వంటగదిలో నిలబడి మా అందరికీ ఒకేసారి చెప్పాడు. నేల గడ్డకట్టేదాకా పని ఉంటుందట, ఆ తర్వాత లేదట. లెటర్ మీద మాత్రం సంతకం పెట్టడట.

"ఆ రోజే పొద్దుమూకి వచ్చి చెప్పినా నవ్వి వదిలేద్దును అన్నడు. రెండు వారాలు నా బల్ల కాడ కూసోని కాఫీ తాగినవు, నా దోస్తులకు నేనే నీ అబద్ధం చెప్పిన అన్నడు."

సాత్విక ఏడవలేదు. కిందికి వెళ్ళి తలుపు వేసుకుంది. చరిత నా మొహమూ వాళ్ళమ్మ మొహమూ చూసి, "డిడ్ ఐ డూ సంథింగ్ రాంగ్?" అని అడిగింది. లేదమ్మా అంది వాసంతి. ఆ పిల్ల ఆ తర్వాత చాలా రోజులు ఎవరికీ ఏదీ అనువదించి చెప్పలేదు.

రాత్రి వాసంతి నన్ను సూటిగా అడిగింది. "లోహిత్ నోట్లెకెల్లి ఆ అబద్ధం తనంత తాను రాదు. నువ్వు చెప్పమంటేనే చెప్పిండు. అవునా, కాదా?"

"అవును."

"అయితే పోయి ఆ ముసలాయనకు ఆ ముక్క చెప్పు. నేను చెప్పమన్న, నాకు భయపడి చెప్పిండు అని చెప్పు. ఆయన నీ మీద కోపం తీర్చుకోనీ. పోరని బతుకు ఆపొద్దు."

ఆమె చెప్పింది సరైనదే. పనికొచ్చే మాట ఆ ఇంట్లో అదొక్కటే. గురువారం సెలవు పెట్టి బయల్దేరాను. ఆ ఏటి మొదటి మంచు పడింది. దారంతా ఇంగ్లిష్‌లో మాటలు పేర్చుకున్నాను. సర్, నేను పెద్దవాణ్ణి, అతను నా మాట కాదనలేడు, మా దగ్గర అలాగే ఉంటుంది, తప్పు నాది. నాలుగు వాక్యాలు. నోటికి వచ్చేశాయి.

గేటు దగ్గర ట్రక్కు ఆపాను. ఒరెస్ట్ షెడ్డు ముందు పారతో మంచు తీస్తున్నాడు. ట్రక్కు చూశాడు. పార గోడకు ఆనించి నిటారుగా నిలబడ్డాడు. నేను వస్తానని ఆయనకు తెలుసు. ఎదురు చూస్తున్నాడు.

నేను చెప్తే ఏమవుతుంది? ఆయన అధికారులకు చెప్తే నా లైసెన్స్ కొన్నేళ్ళు పోతుంది. ఆ పొలంలో మళ్ళీ అడుగు పెట్టలేను. ఆ రోజు లోహిత్‌ని చూసినట్టు నన్నూ చూస్తాడు. ఇంతే. ఇప్పుడు రాస్తుంటే ఇవి వేలెడంత కూడా లేవు. అప్పుడు మాత్రం నా చెయ్యి ట్రక్కు తలుపు మీదే ఉండిపోయింది. చివరికి ఆ చెయ్యే ఎత్తి, దారిన పోతూ పలకరించినట్టు ఊపాను. ఆయన ఊపలేదు. రివర్స్ చేసుకుని వచ్చేశాను.

వెంటనే ఇంటికి వెళ్తే అంత తొందరగా ఎలా వచ్చావని అడుగుతుందని దారిలో గ్యాస్ స్టేషన్లో గంటన్నర కూర్చున్నాను. రెండు కాఫీలు తాగాను.

"చెప్పిన," అన్నాను వాసంతితో. "అన్నీ చెప్పిన. వినలేదు. ముసలోడు మొండోడు."

ఆమె నా మొహం చూసింది. పాట్‌లక్ రోజు నుంచి నన్ను తాకలేదు. అప్పుడు దగ్గరికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "నీ అసుంటోడు పోయి ఒప్పుకున్నడంటే తక్కువ కాదు," అని, వేడిగా అన్నం పెట్టింది. తిన్నాను. ఆ సంగతి ఆమె కిందికి వెళ్ళి చెల్లెలికీ చెప్పింది.

ఇంకో ఉద్యోగానికి లోహిత్ యాభై చోట్ల అప్లై చేశాడు. చలికాలం, టైము లేదు, ఎవరూ పిలవలేదు. డిసెంబర్ ఇరవై ఎనిమిదిన వాళ్ళను ఎయిర్‌పోర్ట్‌కి నేనే తీసుకెళ్ళాను. నాలుగు సూట్‌కేసులు, రెండు బ్యాగులు. అక్కచెల్లెళ్ళు కౌంటర్ దగ్గర ఒకర్నొకరు పట్టుకుని నిలబడ్డారు. చరిత సాత్విక కోటు అంచు వదలడం లేదు.

లోహిత్ నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, ఒక్క మాట. పాట్‌లక్ దినం నుంచి నీ మీద మస్తు కోపమొచ్చింది. నీతోని సరిగ్గ మాట్లాడలే గూడ. కానీ నువ్వు ఒరెస్ట్ దగ్గరికి పోయి నా కోసం తప్పంత మీదేసుకున్నవని అక్క చెప్పింది. ఆ ముసలాయన ముందట నిలబడి చెప్పుడు మామూలు ముచ్చట కాదు. నాకు తెలుసు. ఆయన ఇయ్యకపోతే నువ్వేం చేస్తవు. అది చాలు నాకు."

నేను ఏదో ఒకటి అనాలి. నోరు తెరిచాను.

"ఇగ మనసుల ఏం పెట్టుకోకు," అన్నాడు.

సాత్వికను పిలిచాడు. ఇద్దరూ బ్యాగులు నేల మీద పెట్టి, అంతమంది మధ్యలో వంగి నా కాళ్ళకు దండం పెట్టారు. మంచు బూట్లు. నేను వెనక్కి జరగలేదు. ఇద్దరి తలల మీదా చేతులు పెట్టాను.